కూలి ముందా, లాభం ముందా?
జట్ల యజమానులూ, ఆడపిల్లల ఆట హక్కూ

(విజయవాడలో మహిళా కార్యకర్తల కోసం జరిగిన రెండు రోజుల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మనం కనీస వేతనాల గురించీ, గృహహింస కేసుల గురించీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను క్రీడా జట్ల యజమానుల లాభనష్టాల గురించి మాట్లాడతానంటే కొందరికి నవ్వు రావచ్చు. కోటీశ్వరుల లెక్కలు మనకెందుకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. అయితే ఈ మధ్య మా పేటలో కబడ్డీ ఆడే పదో తరగతి పిల్ల ఒక ప్రశ్న అడిగింది. "అత్తా, తెలుగు టైటాన్స్ వాళ్ళకి ఆడపిల్లల టీం లేదేం?" అంది. "కొనేవాళ్ళుండాలి గదమ్మా, లాభం రాదంటారు" అని నోటికొచ్చిన జవాబు చెప్పేశాను. ఆ పిల్ల మరేం అడగలేదు. కాని ఇంటికెళ్ళాక నా జవాబు నన్నే గుచ్చుకుంది. ఎవరికో లాభం రాదు కాబట్టి నీకు ఆట లేదు అని ఆ పిల్లకి చెప్పాను. అదే మాట ముప్పై ఏళ్ళ కిందట నాకు చెప్పినప్పుడు నేనేం చేశానో గుర్తొచ్చింది.

నేను దివిసీమ వైపు పుట్టినదాన్ని. హైస్కూలు రోజుల్లో కబడ్డీ ఆడేదాన్ని. ఒక ఏడాది సంక్రాంతికి పక్క ఊళ్ళో పోటీలు పెట్టారు. మగవాళ్ళకి పదివేలు, ఆడవాళ్ళకి మూడువేలు బహుమతి అని కరపత్రాలు వేశారు. తడికెలు కట్టి టిక్కెట్లు అమ్మారు. మా ఫైనలు మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టారు, మగవాళ్ళది సాయంత్రం లైట్లలో పెట్టారు. మేం గెలిచాం. రాత్రి డబ్బు కోసం వెళితే, "లెక్కలు తేలలేదమ్మా, నష్టం వచ్చింది" అన్నారు. మగవాళ్ళ పదివేలు మాత్రం మైకులో పేరు పిలిచి ఇచ్చారు. మాకు తలా ఒక స్టీలు డబ్బా ఇచ్చి పంపారు. మాలో ఇద్దరు కూలికి పోయే పిల్లలు. ప్రాక్టీసు కోసం వాళ్ళు పోగొట్టుకున్న కూలి డబ్బులు ఆ డబ్బా ఖరీదు కంటే ఎక్కువ. మేం నోరెత్తలేదు. ఆటలో అరవడం నేర్పారు గాని లెక్క అడగడం మాకెవరూ నేర్పలేదు.

కాబట్టి ఇవాళ లెక్క అడుగుదాం. జట్టును సొంతం చేసుకోవడం లాభసాటి వ్యాపారంగా ఉండాలా, వద్దా? ఉంటే ఆ లాభంలో ఎవరి వాటా ఎంత?

ముందు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో చూద్దాం. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది అర్థం కావడం కష్టం కాదు. భూమి ఒకరిది, కౌలు ఇంకొకరిది, చేలో వంగేది వేరొకరు. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ పెట్టినప్పుడు భారత క్రికెట్ బోర్డు ఐదు జట్లను పదేళ్ళకు గాను 4,669.99 కోట్లకు ఇచ్చింది. అహ్మదాబాదు జట్టును అదానీ సంస్థ 1,289 కోట్లకు తీసుకుంది. ముంబయి 912.99 కోట్లు, బెంగుళూరు 901 కోట్లు, ఢిల్లీ 810 కోట్లు, లక్నో 757 కోట్లు పలికాయి. టీవీ హక్కులు ఐదేళ్ళకు 951 కోట్లకు అమ్ముడయ్యాయి. అంటే సగటు కట్టి చూస్తే ఏడాదికి జట్ల సొమ్ము 467 కోట్లు, టీవీ సొమ్ము 190 కోట్లు, మొత్తం 657 కోట్లు. ఇందులో కొంత మళ్ళీ జట్లకు పంచుతారు, కొంత పోటీల ఖర్చులకు పోతుంది. సరే. మొదటి ఏడాది ఆటగత్తెలను తీసుకోవడానికి ఒక్కో జట్టు ఖర్చు పెట్టగల గరిష్ఠ మొత్తం ఎంతో తెలుసా? 12 కోట్లు. ఐదు జట్లకు కలిపి 60 కోట్లు. ఆ 657 కోట్లతో పోలిస్తే రూపాయికి తొమ్మిది పైసలు.

తర్వాతి ఏళ్ళలో ఆ పరిమితి 13.5 కోట్లకూ, 15 కోట్లకూ పెరిగిన మాట నిజమే. అదే 2023లో మగవాళ్ళ ఐపీఎల్‌లో ఒక్కో జట్టుకు పరిమితి 95 కోట్లు.

ఇప్పుడు మన కౌలు లెక్కతో పోల్చండి. బోర్డు భూస్వామి. పంట పండినా ఎండినా దాని బస్తాలు ముందు కొలవాలి. జట్టు యజమాని పెద్ద కౌలుదారు. ఇవాళ నష్టం వచ్చినా రేపు జట్టు ధర పెరుగుతుందని ఆశ. ఇక చేలో వంగిన మనిషికి కూలి రేటు ముందే కట్టేశారు. పంట విరగపండినా ఆ ఏడాది ఆమెకు అదే కూలి. చేను తుడిచిపెట్టుకుపోతే ముందు ఆగేది కూడా ఆమె కూలే.

ఆగుతుందా అని అడగవచ్చు. మన తెలుగు నేల మీదే ఆగింది. హైదరాబాదు పేరుతో ఐపీఎల్‌లో డెక్కన్ ఛార్జర్స్ అనే జట్టుండేది. 2008లో దాదాపు 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొన్నారు. 2009లో ఆ జట్టు కప్పు గెలిచింది. కొన్నేళ్ళకే యజమాని సంస్థ అప్పుల్లో పడింది, 2012 సెప్టెంబరులో బోర్డు ఆ జట్టును రద్దు చేసింది. ఆ ఏడాది ఆటగాళ్ళకు జీతాలు సకాలంలో అందలేదని పత్రికల్లో వచ్చింది. ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2023 నాటికి జీతాలందక ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చివరికి ఆ జట్టు చేతులు మారి ఢిల్లీకి తరలిపోయింది. రెండు జట్లూ కప్పులు గెలిచినవే. ఆట బాగా ఆడితే జీతం వస్తుందన్న భరోసా కూడా లేదన్నమాట. పేరూ పలుకుబడీ ఉన్న మగవాళ్ళ గతే అలా ఉంటే ఆడపిల్లల గతి ఏమిటో ఆలోచించండి.

ఆలోచించడమెందుకు, జరిగినవే ఉన్నాయి. 2013లో ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్ పెట్టారు. మన హైదరాబాదులో ఆడి పైకొచ్చిన గుత్తా జ్వాలనూ, అశ్వినీ పొన్నప్పనూ ముఖ్య క్రీడాకారిణులుగా ప్రకటించి, 50 వేల డాలర్లు కనీస ధర అన్నారు. వేలం నాటికి ఆ ధరను సగానికి తగ్గించారు. కారణం ఏమిటంటే లీగ్‌లో మహిళల డబుల్స్ పోటీనే తీసేసి, దాని బదులు ఇంకో పురుషుల సింగిల్స్ పెట్టారు. ఆ ఇద్దరూ మహిళల డబుల్స్‌లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచినవాళ్ళు! జ్వాల ఊరుకోలేదు, బహిరంగంగానే నిలదీసింది. తరువాత తేడా చెల్లిస్తామన్నారు. ఇక్కడ నేను చూసేది ధర తగ్గించడం ఒక్కటే కాదు. యజమానులకు గిట్టుబాటు కాదనుకుంటే ఆడవాళ్ళ ఆటనే జాబితాలోంచి కొట్టేయగలరు.

2016లో ప్రొ కబడ్డీతో పాటు మహిళల కబడ్డీ ఛాలెంజ్ పెట్టారు. ఫైర్ బర్డ్స్, ఐస్ దివాస్, స్టార్మ్ క్వీన్స్ అని మూడు జట్లు. ఫైనలు మన హైదరాబాదులోనే, జులై 31న జరిగింది. ఒక్క పాయింటు తేడాతో స్టార్మ్ క్వీన్స్ గెలిచారు. ఒక్క పాయింటు! అంతకంటే బిగువైన ఆట ఏం కావాలి? మరుసటి ఏడాది ప్రొ కబడ్డీ ఎనిమిది జట్ల నుంచి పన్నెండు జట్లకు పెరిగింది. ఆడవాళ్ళ మూడు జట్లు మాత్రం లేకుండా పోయాయి.

తెలుగు పేరు పెట్టుకున్న జట్లు చూడండి. కబడ్డీలో తెలుగు టైటాన్స్, ఖోఖోలో తెలుగు యోధాస్, వాలీబాల్‌లో హైదరాబాద్ బ్లాక్ హాక్స్, హాకీలో హైదరాబాద్ తూఫాన్స్. అన్నీ మగవాళ్ళ జట్లే. 2023లో అమ్మిన ఐదు మహిళా క్రికెట్ జట్లలో తెలుగు ఊరు పేరుతో ఒక్కటీ లేదు. మన విజయవాడ అమ్మాయి సబ్బినేని మేఘనను మొదటి ఏడాది గుజరాత్ జట్టు 30 లక్షలకు తీసుకుంది. ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి లక్నో కేంద్రంగా ఉన్న జట్టుకు వెళ్ళింది. కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఢిల్లీకి ఆడింది. ఆ ఢిల్లీ జట్టులో వాటా ఉన్న జీఎంఆర్ తెలుగువాళ్ళ సంస్థే. మన పెట్టుబడీ మన పిల్లా ఇద్దరూ ఢిల్లీలో కలుసుకున్నారు!

"చూసేవాళ్ళు లేరు, అందుకే పెట్టుబడి రాదు" అని ఒక మాట చెబుతారు. 1997 డిసెంబరులో మహిళల ప్రపంచ కప్పు పోటీ ఒకటి మన ఇందిరాగాంధీ స్టేడియంలో జరిగింది. ఇంగ్లండుకూ పాకిస్తానుకూ. ఇంగ్లండు ఆడవాళ్ళు 50 ఓవర్లలో 376 పరుగులు కొట్టారు. నేనప్పుడు కాలేజీ పిల్లను. అలాంటి పోటీ మన ఊళ్ళో జరుగుతోందన్న సంగతి ఆట అయిపోయాక తెలిసింది. 2016 నవంబరులో భారత, వెస్టిండీస్ మహిళల పోటీలు ఆరూ మన పక్కనున్న మూలపాడులో జరిగాయి. ఈ సభలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా! తెలియని ఆటను ఎవరు చూస్తారు? ఎండలో ఫైనలు పెట్టి జనం రాలేదన్నట్టే ఇదీ.

జనం వచ్చిన చోట ఏం జరిగిందో కూడా చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులోని ప్రెస్టన్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళు డిక్ కెర్ లేడీస్ అనే ఫుట్‌బాల్ జట్టు పెట్టారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో వాళ్ళ ఆట చూడటానికి 53 వేలమంది వచ్చారు. వచ్చిన డబ్బు సహాయ నిధులకు ఇచ్చేవారు. ఏడాది తిరగకుండా, 1921 డిసెంబరులో, ఫుట్‌బాల్ సంఘం తన మైదానాల్లో ఆడవాళ్ళు ఆడకూడదని నిషేధం పెట్టింది. అది యాభై ఏళ్ళు సాగింది. జనం రాకపోతే లాభం లేదని మూస్తారు, వస్తే ఆడవాళ్ళకు తగదని మూస్తారు. అంచేత లాభం అనేది ఎప్పుడూ కాటాలో తూచి చెప్పే మాట కాదు. చాలాసార్లు అది ముందే తీసుకున్న నిర్ణయానికి వెతుక్కున్న సాకు.

ఈ సమస్య మీద మన సంఘాల్లో రెండు అభిప్రాయాలున్నాయి. రెండింటినీ నేను గౌరవిస్తాను.

మొదటిది: ఆడపిల్లలను మార్కెట్ యార్డులో మిరప టిక్కీల్లా వేలం వెయ్యడమేమిటి, ఈ వ్యాపారమే వద్దు అని. ఆ కోపం నాకూ ఉంది. కానీ వ్యాపారం రాని రోజుల్లో మన పిల్లలు గౌరవంగా బతికారా? 2005 ప్రపంచ కప్పులో మన జట్టు ఫైనలు దాకా వెళితే ఆటకు వెయ్యి రూపాయలు ఇచ్చారని మిథాలీ రాజ్ చెప్పింది. శ్రీచరణికి 2024 డిసెంబరు వేలంలో 55 లక్షలు వచ్చాయి. 2025 నవంబరులో మన దేశం మహిళల ప్రపంచ కప్పు గెలిచాక అదే నెలలో జరిగిన వేలంలో కోటీ 30 లక్షలు పలికింది. కడప జిల్లా పల్లెటూళ్ళో ఒక తల్లి, "ఆటలేంటే" అనడానికి ఇప్పుడు రెండుసార్లు ఆలోచిస్తుంది. ఈ మార్పును కొట్టిపారేసే హక్కు మనకు లేదు.

రెండోది: లాభం చూడనివ్వండి, లాభం వస్తే అందరికీ అందుతుంది అని. ఇది నేను నమ్మను. ధాన్యం ధర పెరిగిన ఏడాదల్లా కూలి పెరిగిందా? అడిగితే పెరిగింది, సంఘం కట్టి అడిగితే పెరిగింది.

ఇంకో సంగతి మరిచిపోకూడదు. జట్టు కొన్నవాడు పెట్టిన పెట్టుబడి ఒక్కటే లెక్కలో కనిపిస్తుంది. ఆ పిల్ల తయారు కావడానికి పదేళ్ళు పట్టింది. తెల్లవారుజామున లేచి క్యారేజీ కట్టిన తల్లి పెట్టుబడి ఎక్కడ రాశారు? చెల్లెలి ఆట కోసం చదువు మానుకుని ఇంటిపని చేసిన అక్క వాటా ఏది? మైదానం మునిసిపాలిటీది, లేకపోతే ప్రభుత్వ పాఠశాలది. ఏళ్ళ తరబడి మహిళా క్రికెటర్లకు ఉద్యోగాలిచ్చి నిలబెట్టింది రైల్వే. ఇదంతా జనం సొమ్ము, ఆడవాళ్ళ జీతం లేని శ్రమ. నారు పోసి, నాట్లు వేసి, కలుపు తీసిన చేలో చివర కోతకు వచ్చినవాడు పంట మొత్తం తనదంటే ఒప్పుకుంటామా?

అయితే జట్టు యజమానికి లాభం రాకూడదా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రావచ్చు. కానీ అది వరుసలో చివర ఉండాలి. ముందు ఆటగత్తె జీతం, ఆమె భద్రత, ఆమె వైద్యం. తరువాత ఆ ఆట మళ్ళీ మొలకెత్తడానికి కావలసిన విత్తనం, అంటే ఊళ్ళో పిల్లల మైదానాలు. ఆ తరువాత మిగిలితే యజమానిది. లాభం రాలేదన్న కారణంతో ఆడపిల్లల జట్టును మాత్రమే మూసే అధికారం ఎవరికీ ఉండకూడదు.

ఇది గాలిలో మాట కాదు. అమెరికాలో గ్రీన్ బే అనే చిన్న పట్టణంలో ప్యాకర్స్ అనే ఫుట్‌బాల్ జట్టుంది. 1923 నుంచి అది ఊరి జనం వాటాలతో నడుస్తోంది. ఇప్పుడు అయిదు లక్షలకు పైగా వాటాదారులున్నారు. ఎవరికీ డివిడెండు లేదు. మిగిలింది జట్టుకే పోతుంది. అంత దూరం ఎందుకు, మన కృష్ణా జిల్లా పాల సంఘం లేదా? పాలు పోసినవాళ్ళే సభ్యులు, మిగులు వస్తే బోనసు. గేదెను మేపిన మనిషికి లాభంలో వాటా ఉండాలన్న న్యాయం మనకు తెలిసిందే. దాన్ని ఆటస్థలం దాకా తీసుకుపోవాలి.

చట్టం కూడా మనకు ఒక తలుపు తెరిచింది. పనిచేసే చోట లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా 2013లో వచ్చిన చట్టం 'పనిచేసే చోటు' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో స్టేడియాలూ, క్రీడా శిక్షణ కేంద్రాలూ, పోటీలు జరిగే స్థలాలూ పేరు పెట్టి ఉన్నాయి. ఆటస్థలం పనిచేసే చోటయితే ఆడేది పనే. పని అయితే కూలి హక్కు, దయ కాదు.

అందుకని మన సంఘాల తరఫున అయిదు కోరికలు ప్రతిపాదిస్తున్నాను. చర్చించి మార్చండి, చేర్చండి.

ఒకటి. ఏ లీగ్ అయినా మొదటి ఆటకు ముందే ఆ సీజను జీతాల మొత్తాన్ని యజమాని బ్యాంకులో జమకట్టాలి. నష్టం వచ్చిందన్న మాట జీతం దగ్గర చెల్లకూడదు.

రెండు. టీవీ, ప్రకటనల ఆదాయంలో ఆటగత్తెలకు ఇంత శాతం అని రాతపూర్వకంగా ఉండాలి. ఆదాయం పెరిగితే వాటా దానంతటదే పెరగాలి.

మూడు. ప్రభుత్వ స్టేడియం వాడుకుని మగవాళ్ళ జట్టు నడిపే సంస్థ మహిళల జట్టునూ నడపాలి. ఏడాది చూసి మూసేయకుండా కనీసం అయిదేళ్ళ ఒప్పందం ఉండాలి.

నాలుగు. ప్రతి జట్టులో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. గాయపడితే పూర్తి వైద్యం, గర్భం వస్తే ఒప్పందం రద్దు కాదన్న హామీ ఉండాలి.

అయిదు. జట్ల లెక్కలు బహిరంగంగా పెట్టాలి. లాభంలో కొంత భాగం ఆడపిల్లల పాఠశాలలకూ, హాస్టళ్ళకూ, ఊరి మైదానాలకూ తిరిగి రావాలి.

ఇన్ని షరతులు పెడితే ఎవరూ రారంటారు. కూలిరేటు పెంచమన్నప్పుడు వ్యవసాయమే మానేస్తామన్నారు, ఎవరు మానేశారు? ఒకవేళ కొందరు రాకపోతే రాకపోవచ్చు, దానికీ సిద్ధపడాలి. ఎవరి లాభం మీదా ఆధారపడకుండా ఆడుకునే మైదానం, శిక్షకురాలు, పోటీ ఫీజూ ప్రతి ఆడపిల్లకూ ఇవ్వవలసింది ప్రభుత్వం. ఆ బాధ్యతను యజమానుల మీదికి తోసి ప్రభుత్వం తప్పుకోవడానికి మనం ఒప్పుకోకూడదు.

మీరు ఊళ్ళకు వెళ్ళాక ఒక పని చెయ్యండి. వచ్చే సంక్రాంతికి మీ మండలంలో ఎక్కడ ఆటల పోటీలు పెట్టినా వెళ్ళి మూడు సంగతులు అడగండి. ఆడవాళ్ళ బహుమతి ఎంత, మగవాళ్ళది ఎంత? ఆడవాళ్ళ ఫైనలు ఏ వేళకు? డబ్బు ఎవరి దగ్గర జమకట్టారు? నలుగురు కలిసి అడిగితే చాలు, జవాబు చెప్పక తప్పదు. కోటీశ్వరుల లెక్క అడగడానికి ఇది ఓనమాలు.

ఆ స్టీలు డబ్బా ఇంకా మా ఇంట్లో ఉంది. కందిపప్పు పోసుకుంటున్నాను. మా పేట పిల్లకు ఆ డబ్బా చూపించి జరిగింది చెప్పాను. నా మొదటి జవాబు తప్పని కూడా చెప్పాను. ఆ పిల్ల అంతా విని, "మిగతా మూడువేలు ఇప్పుడు అడగొచ్చా అత్తా?" అంది. అడగవచ్చు. అడగడానికే మనం ఇక్కడ కూర్చున్నాం.